పదకొండు గడపలు

చక్కెర వ్యాధి అని తేల్చిన డాక్టరు గారు వరి అన్నం తగ్గించి పూటకో గ్లాసు చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగమన్నారు. మా కోడలు పొయ్యి మీద పిండి కలిపి గరిటె తిప్పుతుంటే ఆ వాసన వంటింట్లోంచి నడవ దాటి నా మంచం దాకా వచ్చింది. కాస్త మాడు, కాస్త పులుపు, కింద ఎక్కడో తడి మట్టి. అరవై దాటిన దాన్ని, ముక్కు సగం పని చేయదు, అయినా లేచి కూర్చున్నాను. "వాసన పడటం లేదా అత్తా, మజ్జిగ పోసి ఇవ్వనా?" అంది మా కోడలు. పడకపోవడం కాదు. ఒకప్పుడు ఇదే అంబలిని ఎవరూ చూడకుండా ఇంటి వెనక పారబోసిన దాన్ని నేను. తర్వాత ఒక పొద్దుటి పూట పదకొండు ఇళ్ళ ముందు నిలబడి తాగిన దాన్నీ నేనే. ఆ రెండింటి మధ్యా గురుబారి అప్ప ఉంది. ఆమె మీలో ఎవరికీ తెలియదు, నా పిల్లలకే తెలియదు. ఆమె పట్ల నేను చేసిన తప్పు మా అత్తగారికి తెలుసు గాని ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇక తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాతో పాటే అది కూడా మట్టిలో కలిసిపోవడం న్యాయం కాదనిపించి ఇది రాస్తున్నాను.

నాకు పదిహేడో ఏడు నడుస్తుండగా మా ఇంటాయనకి అరకు లోయలో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. కొయ్యూరు వైపు తెల్లదొరల మీద లేచిన పితూరీ చల్లబడిన కొత్త రోజులవి. మాది విజయనగరం పక్క వ్యవసాయపు కుటుంబం. మన్యం అనేసరికి మా అమ్మ, అక్కడి నీళ్ళు తాగితే మనిషి దక్కడని శోకాలు పెట్టింది. శృంగవరపుకోట దాకా బండి, అక్కడి నుంచి అనంతగిరి ఘాటు మీద కొంత బండి, కొంత నడక. మూడో రోజుకి ఊరు చేరాం. పద్దెనిమిది గడపల ఊరు, అందరూ కొండదొర తెగవాళ్ళే. తెలుగే మాట్లాడేవారు గాని మధ్యమధ్య ఒరియా మాటలు పడి సగం నాకు అర్థమయ్యేది కాదు. ఊరిపెద్దని నాయుడు అనేవారు. ఆయన మాటని ఇంటింటికీ చేరవేసే మనిషి బారికి. మాకు నీళ్ళు కావాలన్నా, కట్టెలు కావాలన్నా బారికికి చెబితే చాలు, అరగంటలో ఎవరో ఒకరు తెచ్చి అరుగు మీద పడేసి మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. ఎంత మంచి ఊరో అని మా అమ్మకి ఉత్తరం కూడా రాయించాను. వాళ్ళు ఎందుకు మాట్లాడకుండా వెళ్ళిపోతున్నారని నాకు తోచలేదు. తోచే వయసూ కాదు, తోచేంత వినయమూ లేదు.

మాట్లాడిన మనిషి ఒక్కతే. పక్కింటి గురుబారి. గురువారం పుట్టింది కాబట్టి ఆ పేరు. ఏభై ఏళ్ళ మనిషి, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. నిటారుగా, తాటిపట్టెలా ఉండేది. ముక్కుకి మూడు పోగులు, మోచేతుల నిండా పచ్చబొట్లు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూనే మాట్లాడేది. నిప్పు ఎప్పుడు నాలిక్కి తగులుతుందోనని నేను ఆమె మాటలు వినడం మానేసి నోటి వంక చూస్తూ ఉండేదాన్ని. మొదటి రోజున ఏమని పిలవాలో తెలియక "అమ్మా" అన్నాను. "అమ్మ నీకు కిందూర్లో ఉంది. నన్ను అప్పా అను," అంది. మా వైపు అప్ప అంటే అక్క. ఏభై ఏళ్ళ అక్క దొరికినందుకు లోలోపల నవ్వుకున్నాను.

ఆ సాయంత్రమే ఆనపకాయ బుర్రతో అంబలి తెచ్చి ఇచ్చింది. కొండవాళ్ళ ఇంట్లో వండింది మేము తాగమని ముఖం మీద చెప్పే ధైర్యం లేదు, తాగే మనసూ లేదు. తీసుకుని, ఆమె అటు తిరగగానే పెరట్లో పారబోసి, బుర్ర కడిగి తిరిగి ఇచ్చేశాను. మూడు రోజులు అలాగే సాగింది. నాలుగో రోజు ఒక మూటతో వచ్చి గుమ్మంలో కూర్చుంది. "నా కోళ్ళు పొద్దుపొద్దున్నే నీ పెరట్లోకి పరిగెడతన్నాయి. ఏటా అని సూసేను," అంది. ఆమె నవ్వింది. "వండింది నీకు దిగదు గావాల. పిండి తెచ్చేను. నువ్వే వండుకో, గుంటా," అంది, చిన్నపిల్లని పిలిచినట్టు. అంతే. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాకు బుద్ధి తొందరగా వచ్చేదేమో.

వానలకి ముందు ఆ ఊళ్ళో ఇళ్ళు కప్పుకుంటారు. ఒక్కో రోజు ఒక్కో ఇల్లు. ప్రతి గడప నుంచీ ఒక మనిషి వచ్చి తీరాలి. మగవాడైతే కప్పెక్కుతాడు, ఆడదైతే కింద గడ్డి కట్టలు అందిస్తుంది. ముసలివాళ్ళు కూడా వచ్చి తాడు పేనుతూ కూర్చుంటారు. మా ఇల్లు నాయుడి ఆర్డరు మీద బారికి తెచ్చిన మనుషులు కప్పిపోయారు. గురుబారి అప్ప ఇంటి వంతు వచ్చిన రోజున నేను తలుపు వేసుకుని లోపల ఉన్నాను. వెళ్ళాలని తెలుసు, వెళ్ళలేదు. మా ఇంటాయన, "పంతులు గారి భార్య గడ్డి మోస్తే రేపు పిల్లలు నా మాట వింటారా?" అన్నారు. నాకు కావలసిన సాకు ఆయనే ఇచ్చారు. కుంచెడు బియ్యం బారికి చేత పంపించి, మనం కూడా చేసినట్టే కదా అని తృప్తి పడ్డాను.

సాయంత్రం ఆ బియ్యం మూట విప్పకుండానే ఆమె వెనక్కి తెచ్చింది. జుట్టు నిండా గడ్డి పరకలు, చేతుల మీద గీరుకుపోయిన గీతలు. మూట అరుగు మీద పెట్టి, "బియ్యం వొచ్చేయి, నువ్వు రానేదు," అంది.

"నా వంతుకి పంపించేను అప్పా," అన్నాను.

"బియ్యానికి సేతులుంటాయేటి?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడుగుతున్నట్టు అంది. నాకే ఒళ్ళు మండింది. ఇచ్చింది తీసుకోని మనుషులు ఎక్కడైనా ఉంటారా అని రాత్రి మా ఇంటాయన దగ్గర సణిగాను.

శ్రావణంలో ఆయనకి మన్యం జ్వరం తగిలింది. మొదటి వారం తీసుకెళ్ళిన క్వినైను ఉంది. రెండో వారానికి అది అయిపోయింది. కళ్ళు పచ్చబడ్డాయి, మంచినీళ్ళు కూడా ఇమడటం లేదు, నన్ను పట్టుకుని తమ చెల్లెలి పేరుతో పిలవడం మొదలుపెట్టారు. కిందకి దించి ఆసుపత్రిలో వేస్తే తప్ప బతకరని నాకే తెలుస్తోంది. నాయుడికి చెప్పాను. ఆయన బారికికి చెప్పాడు. ఎనిమిది మంది డోలీ మోతగాళ్ళు తెల్లారేసరికి వస్తారన్నారు. తెల్లారింది, ఎవరూ రాలేదు. బారికి మా అరుగు మీద కూర్చుని, మగవాళ్ళంతా కొండెక్కేశారమ్మా అని చేతులు తిప్పాడు. నేను ఇంట్లోంచే ఆ ఊరిని, ఆ జాతిని, ఆ కొండల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పరాయి ఊళ్ళో చావొస్తే పలికే దిక్కుండదని మా అమ్మ చెప్పనే చెప్పిందని ఏడ్చాను. గురుబారి అప్ప ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"ఎవులు పిలిసేరు?" అంది.

"బారికి పిలిసేడు. నాయుడు సెప్పేడు."

"బారికి పిలిత్తే అది సర్కారు పని. సర్కారు పనంటే వెట్టి, మగోలు కొండెక్కెత్తారు. కొండెక్కినోలు సగం మంది అటకెక్కినోలే అనుకో." చుట్ట తీసి నేల మీద ఆర్పింది. "నువ్వు పిలిసేవా?"

"నేనా?"

"తొంగున్నోడు బారికి పెనిమిటా, నీ పెనిమిటా?"

అప్పుడు చెప్పింది ఆ ఊరి పద్ధతి. మనిషి సాయం కావలసిన ఇల్లు తనే కదలాలి. ఇంకొకరి చేత కబురు పెడితే అది పిలుపు కాదు. ప్రతి గడప ముందూ నిలబడి తన అవసరం తన నోటితో చెప్పుకోవాలి. ఆ ఇంటి ఆడమనిషి బుర్రలో అంబలి ఇస్తే, దాన్ని అక్కడే నిలబడి తాగాలి. తాగితే ఆ ఇంటి భుజం వచ్చినట్టే. "నువ్వు కూడా రా అప్పా," అని బతిమాలాను. "నేనొత్తే అది నా పిలుపవుద్ది. నేనిక్కడ ఈడి నుదుటి మీద తడిగుడ్డ ఏత్తాను. నువ్వు బేగి ఎల్లు. ముందుగాల నా గడప కాడికి రా," అంది. తన ఇంట్లోకి వెళ్ళి, గడప లోపల నిలబడి, నేను బయట నిలబడి నోరు విప్పేదాకా ఊరుకుంది. చెప్పాను. బుర్ర ఇచ్చింది. కక్కుకుంటానని భయపడ్డాను. రెండు రోజులుగా ఏమీ తినలేదు కాబోలు, గొంతులోంచి వెచ్చగా దిగిపోయింది. ఉప్పు ఎక్కువైన సంగతి మాత్రం గుర్తుంది.

ఆ పొద్దున మిగతా పదిహేడు గడపల ముందూ నిలబడ్డాను. ఏడుగురు ఇవ్వలేదు. ఒకామె, "నా ఇల్లు కప్పిన్నాడు నీ తలుపేసుంది," అని తన తలుపు వేసుకుంది. మిగిలిన పది ఇళ్ళ వాళ్ళూ ఇచ్చారు, గురుబారి అప్పతో కలిపి పదకొండు. మా బడికి వచ్చే పిల్ల తల్లి ఒకామె బుర్ర నా చేతికివ్వకుండా తనే పట్టుకుని తాగించింది. వెనక్కి వచ్చేసరికి నా కడుపు కుండలా ఉంది, మా వాకిట్లో ఎనిమిది మంది మగవాళ్ళు వెదుళ్ళకి నులకమంచం కట్టేస్తున్నారు. అటకల మీద నుంచే దిగారో, కొండ మీద నుంచే దిగారో నేను అడగలేదు.

రెండు రోజులు దిగాం. వాన ఒకటే ధార, ఘాటు మీద అడుగు వేస్తే జారుడు. గురుబారి అప్ప డోలీకి ముందు నడిచింది. దారిలో ఊరు వచ్చినప్పుడల్లా ముందుగా తను వెళ్ళి, వాళ్ళ గడపల ముందు నిలబడి, "మా గుంట పెనిమిటి. జొరం. కింద దించాల," అని చెప్పేది. వాళ్ళిచ్చింది తాగేది. కొత్త భుజాలు వచ్చేవి, పాతవి వెనక్కి తిరిగేవి. నా తరఫున ఆమె పిలవకూడదని అంతకుముందు రోజే కదా చెప్పింది, మరి ఇప్పుడెలా పిలుస్తోందని నాకు అనుమానం వచ్చి అడిగాను. "నిన్న నువ్వు నా గడప కాడ తాగీసేవు. ఇప్పుడు నీ ఇల్లూ నా ఇల్లూ ఒకటే గదేటి," అంది, ఇందులో తెలియడానికేముందన్నట్టు. కొండ దిగి శృంగవరపుకోట కనబడగానే ఆగిపోయింది. ఇక కింద ఆమెకి తెలిసిన ఊరు లేదు. "ఇక్కణ్ణుండి మీ దేశం. మీవోలున్నారు," అని నా తల మీద చెయ్యి వేసి, వచ్చిన దారినే పైకి వెళ్ళిపోయింది. ఆయన బతికారు.

కథ ఇక్కడ ఆపితే నాకు బాగుంటుంది. చాలా ఏళ్ళు నా మనసులో నేను ఇక్కడే ఆపాను. నిజానికి అత్తవారింట్లో దీన్ని కూడా ఇలా చెప్పలేదు. మా అత్తగారు గట్టి మనిషి. కొండవాళ్ళ గడపల ముందు నిలబడి వాళ్ళ బుర్రల్లో తాగానని తెలిస్తే నన్ను వంటింట్లోకి రానివ్వదని భయపడ్డాను. నాయుడు హుకుం ఇచ్చి మనుషుల్ని పంపించాడని చెప్పాను. ఆయనకి ఒంటి మీద స్పృహ లేదు గనక కాదనే వాళ్ళు లేరు. ఆవిడ సర్కారుకి దణ్ణం పెట్టింది. ఆయన ఉద్యోగం కిందకి మార్చుకున్నారు. వారమంతా బడి ఉన్న ఊళ్ళో ఉండి ఆదివారానికి వచ్చేవారు. నేను ఆ ఇంట్లో కొత్త కోడలిగా మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాను.

మరుసటి ఏడు మాఘంలో ఒక ఉదయం వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. వీధి మలుపులో గురుబారి అప్ప. సంతకి దిగే వాళ్ళతో శృంగవరపుకోట దాకా వచ్చి, అక్కడి నుంచి పంతులు గారి ఊరేదని అడుగుతూ ఒక్కతే నడిచి వచ్చింది. ఎడమ కంట్లో పువ్వు వేసింది, పట్నం ఆసుపత్రిలో చూపించుకోవాలి. మా గడప ముందు నిలబడి, తన పద్ధతి ప్రకారం, వచ్చిన పని తన నోటితో చెప్పింది. చెప్పి, నేను లోపలికి వెళ్ళి ఏదైనా తెచ్చి ఇస్తానని నిలబడింది. నాకు సంతోషం వేసింది. అబద్ధం చెప్పను, ముందు సంతోషమే వేసింది. అంతలో మా అత్తగారు నడవలోంచి, "ఎవుర్తే అది?" అంది.

"కొండ మీద మనింట్లో పని సేసిన మనిసి, అత్తా," అన్నాను.

నా నోట్లోంచి అంత నున్నగా వచ్చింది ఆ మాట. గురుబారి అప్ప విన్నది. నా ముఖం వంక ఒక్క నిమిషం చూసింది. తర్వాత అటూ ఇటూ చూసి, గోడకి ఆనించి ఉన్న చీపురు తీసుకుని మా వాకిలి ఊడవడం మొదలుపెట్టింది. నా మాట అబద్ధం కాకుండా ఉండటానికి ఊడ్చింది. అది నాకు ఆ క్షణమే తెలిసింది. తెలిసి కూడా ముగ్గు బుర్ర పట్టుకుని నిలబడ్డాను.

పని మనిషి వచ్చాక పనులకి కొదవేమిటి. మా అత్తగారు వడ్లు దంపమంది. దంపింది. మూడు రోజులు సావిట్లో రోకలి పోటు వినబడుతూనే ఉంది. నేను వంటింట్లోంచి అడ్డాకులో అన్నం పెట్టి అరుగు మీదకి తెచ్చి ఇచ్చేదాన్ని. "అప్పా" అని పిలవాలంటే లోపల వింటారని పెదవులు కదిపేదాన్ని. ఆసుపత్రికి పాలేరుని తోడిచ్చి పంపించాం. నేను వెళ్ళలేదు. కంటికి కట్టు కట్టారు, చూపు పెద్దగా రాదన్నారు. నాలుగో రోజు ఉదయం సంత వాళ్ళని కలుసుకోవాలని బయలుదేరింది. వీధి చివరి దాకా వెంట వెళ్ళాను. ఏదో చెప్పబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఇక్కడ నీకింకా ఎవులూ నేరు. నాకు తెలిసింది. బయపడకు గుంటా, మెల్లగ అవుతారు," అంది. తిట్టలేదు. కొండ మీదకి వచ్చిన మొదటి రోజున ఉన్నట్టే అత్తవారింట్లోనూ నేను ఎవరూ లేని పిల్లలాగే ఉన్నానని ఒక్క కంటితో చూసి తెలుసుకుంది, జాలిపడింది. ఆ జాలి నేను భరించలేకపోయాను.

సాయంత్రం మా అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. పదకొండు గడపలూ, అంబలీ, ఘాటు మీద ముందు నడిచింది ఎవరో, అన్నీ. గెంటేస్తుందనే అనుకున్నాను. ఆవిడ అడిగింది: "మనోడి పేనం మోసుకొచ్చిన మనిసి సేత నా ఇంట్లో దంపుళ్ళు దంపించినావేటే? ఈ ముక్క నాల్రోజుల ముందు సెప్పడానికి నీకేటి రోగం?" లేచి పాలేరుని పిలిచి బండి కట్టించింది. నన్నూ ఎక్కించింది. ఒక కొత్త చీరా, తన చేత్తో చేసిన సున్నుండలూ తీసుకుంది. మర్నాడు కోటకి చేరేసరికి సంత చెదిరిపోయింది, కొండవాళ్ళు పొద్దున్నే ఘాటెక్కేశారన్నారు. మా అత్తగారు ఆ కొండ వంక చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆవిడని నేను అడగనే లేదు, అడిగితే పెట్టదని నాకు నేనే తీర్మానం చేసేసుకున్నాను.

తర్వాత నేను పైకి వెళ్ళి ఉండవచ్చు. వెళ్ళలేదు. కాన్పులు, బదిలీలు, అత్తగారి పక్షవాతం, అన్నీ నిజాలే, అన్నీ సాకులే. మా ఇంటాయన ఉద్యోగంతో ఒరియా దేశం దాకా తిరిగాం. కొత్త ఊరు చేరిన రోజున సామాను విప్పకముందే పక్కింటి గడప ముందు నిలబడి ఏదో ఒకటి అడిగేదాన్ని, నాలుగు నిప్పులో, ఓ చేటో. "అన్నీ తెచ్చుకున్నాం కదా, ఎందుకీ అడుక్కోవడం?" అని ఆయన వేళాకోళం చేసేవారు. ఎక్కడా నన్ను ఎవరూ కాదనలేదు. ఎవరింట్లో పెళ్ళయినా చావయినా మనిషిని నేనే వెళ్ళాను, బియ్యం పంపలేదు. పరాయి ఊళ్ళో మనుషులు ఆదుకుంటారా అని కాపురానికి వెళ్ళే పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఆదుకుంటారనే చెబుతాను, నాకు తెలిసింది అదే కాబట్టి. దేశం కాని దేశంలో నాకు పదకొండు గడపలు దొరికాయి. మా దేశంలో ఆమెకి ఉన్న గడప ఒక్కటే, దాని లోపల నిలబడి ఉన్నది నేను.